పుస్తకంలోని ‘నేను’ను పట్టుకున్న వైనం

“రాజుగారి పేరిట, ధర్మం పేరిట మెదీనా నగరాధికారి ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, అచ్చయిన పుస్తకంలో తన దొంగతనాలూ మోసాలూ తన నోటితోనే ఒప్పుకున్న ఎడమచెవి తెగిన దుర్మార్గుడు ఎక్కడ కనిపించినా పట్టి అప్పగించవలెను. వాణ్ణి దాచినవారు సైతం శిక్షార్హులు.”

దండోరా వాడు సంతవీధిలో ఈ ముక్క చదువుతుంటే దోన్యా బ్రియాందా తలుపుచాటు నుంచి వింటోంది. ఆమె పరువుగల వితంతువు. భర్త పోతూ పోతూ ఆమెకు వంశనామమూ, గుమ్మం మీద రాతిలో చెక్కిన సింహమూ మిగిల్చాడు. సింహానికి ఆకలి లేదు కనుక దానితో ఇబ్బంది లేదు. ఆమెకూ, పనిమనిషి ఒలాయాకూ మాత్రం ఉంది. చేతులతో పని చేస్తే వంశం పోతుంది, చెయ్యి చాస్తే పరువు పోతుంది. రోజూ మధ్యాహ్నం పొయ్యిలో తడి గడ్డి రాజేసి, ఇంటి గొట్టంలోంచి పొగ వచ్చేలా చూడటమే ఒలాయా చేసే వంట. ముఖం పాలిపోయిందేమని ఎవరైనా అడిగితే, తెల్లబడటానికి సువాసన మట్టి కూజాల పెంకులు కొరుకుతున్నానని బ్రియాందా చెప్పేది. గొప్పింటి ఆడవాళ్లంతా కొరికేవారు కనుక అందరూ ఆమె రంగును మెచ్చుకునేవారు.

అలాంటి రోజుల్లో ఆమె ఒక పుస్తకం రాసింది.

అప్పట్లో పుస్తకమంటే కత్తులు, గుర్రాలు, రాకుమార్తెలు. బ్రియాందాకు గుర్రాల సంగతి తెలియదు, ఖాళీ కుండ సంగతి తెలుసు. ఎడమచెవి తెగిన, తిండిలేని ఒక పోకిరీ ఇంటింటా కొలువు చేస్తూ, యజమానుల గుట్టు చూస్తూ, వాళ్లను మోసం చేసి ఎలా బతికాడో వాడే చెబుతున్నట్టు రాసింది. చర్చి గురువులకు కోపం రాకుండా ప్రతి దొంగతనం తర్వాతా ఒక నీతిబోధ కూడా వడ్డించింది. తన పేరు పెట్టలేదు. ఎవరో విద్యార్థి రాశాడని చెప్పి ఒలాయా దాన్ని అచ్చువేసేవాడికిచ్చి, బదులుగా బస్తా శనగలూ, ఉప్పువేసిన పంది మాంసం ముక్కా తెచ్చింది. శనగలు అయిపోయాయి. పుస్తకం మాత్రం ఊరంతా తిరుగుతోంది. దాన్ని ఎవరూ చదవలేదు. వంటమనిషి చదువుతుంటే చెవిన పడిందని మాత్రం అందరూ చెప్పారు.

చిక్కంతా ‘నేను’ దగ్గర వచ్చింది. అంతవరకూ ఆ ఊళ్లో ‘నేను’ అని మొదలయ్యే రాత న్యాయస్థానంలో ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలం ఒక్కటే. అబద్ధాన్ని ‘నేను’ అని రాయవచ్చని అధికారులకు తోచలేదు. ప్రమాణం చేసి ఒప్పుకున్న దొంగను పట్టుకోకపోవడం నేరం కదా.

“విన్నారా అమ్మగారూ, మిమ్మల్నే వెతుకుతున్నారు,” అంది ఒలాయా.

“నన్ను కాదే, వాణ్ణి.”

“వాడు లేడు కదండీ.”

“లేడని చెప్పాలంటే, వాణ్ణి పుట్టించిందెవరో కూడా చెప్పాలి. వెళ్లి పొగ పెట్టు.”

లేనివాణ్ణి మర్నాడే పట్టుకున్నారు. క్రిస్పీన్ అనే బొగ్గులమ్మేవాడి ఎడమచెవిని చిన్నప్పుడు కంచరగాడిద కొరికింది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

విచారణకు ఊరంతా వచ్చింది. నగరాధికారి దోన్ ఫద్రీకె పుస్తకం చేత్తో పట్టుకుని గంభీరంగా అడిగాడు. “నేరం ఒప్పుకున్నాడు. ఇక మోసపోయినవారు ముందుకు రావాలి. ఉపవాస దినాల్లో బోలు విగ్రహంలో మాంసం రొట్టెలు తెప్పించుకున్న గురువు ఎవరు?”

పెద్ద చర్చి గురువు దూలాలకేసి భక్తితో చూశాడు.

“తడి గడ్డి కాల్చి వంట చేసినట్టు నటించిన వితంతువు ఎవరు?”

బ్రియాందా విసనకర్ర విప్పుకుంది.

“కోడిపుంజులు అందితేగానీ అర్జీలు చదవని అధికారి...” దోన్ ఫద్రీకె అక్కడ ఆగి, దగ్గి, పేజీ తిప్పేశాడు.

ఫిర్యాది లేకుండా శిక్ష వేయకూడదు. ఒప్పుకున్నవాణ్ణి వదలకూడదు. విచారణ వాయిదా పడింది.

“నాకు చదువే రాదు బాబూ!” అని మొత్తుకున్నాడు క్రిస్పీన్. ఎవరూ వినకపోయేసరికి ఒళ్లు మండి, “సరే, నేనే. ఇంకా సగమే చెప్పాను. మిగతా సగం లోపల కూర్చుని చెబుతా,” అన్నాడు.

ఆ సాయంత్రమే పెద్ద చర్చి గురువు ఇంటి నుంచి చెరసాలకు కాల్చిన కౌజుపిట్టలు వెళ్లాయి. దోన్ ఫద్రీకె వంటింటి నుంచి కోడి వెళ్లింది. రెండో భాగంలో తమ ఊసు రాకూడదనుకున్న ప్రతి ఇల్లూ ఏదో ఒకటి పంపింది. ఖైదీల మీద ఊరికి ఇంత దయ అంతకుముందు ఎవరూ ఎరగరు.

అమాయకుడు తనవల్ల గొలుసుల్లో ఉన్నాడని బ్రియాందాకు నిద్ర పట్టలేదు. నిజం చెప్పేద్దామని, ఉపదేశం చేసే నెపంతో చెరసాలకు వెళ్లింది. క్రిస్పీన్ కోడికాలు పట్టుకుని ఉన్నాడు.

“ఆ పుస్తకం రాసింది నేను. ఇప్పుడే అధికారికి చెప్పి నిన్ను విడిపిస్తాను.”

“ఊరుకోండి తల్లీ. నేను పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి తిండి తినలేదు. వచ్చినవాళ్లు కొత్త సంగతులు చెప్పమంటున్నారు. అవి లేకే చస్తున్నా. మీరు చెప్పండి, నేను నావని చెబుతా. కూర్చోండి, తినండి.”

“నేనిప్పుడే భోంచేసి వచ్చాను.”

“మీ ఇంటికి నేనెన్నడూ బొగ్గు వెయ్యలేదమ్మా. పొగ మాత్రం రోజూ చూశాను.”

ఆమె కూర్చుంది. తింది. బుట్టలో కొంత ఒలాయాకూ తీసుకెళ్లింది.

అప్పటినుంచి బ్రియాందా రోజూ మధ్యాహ్నం ప్రార్థనల పుస్తకంతో చెరసాలకు వెళ్లి, ఒక పాపిని ఉద్ధరించి వచ్చేది. ఆమె భక్తిని ఊరు వేనోళ్ల పొగిడింది. బుగ్గల్లోకి రంగు వచ్చింది. దాన్ని దైవకృప అన్నారు.

చలికాలం గడిచేసరికి క్రిస్పీన్‌కు కోడి మొహం మొత్తింది. “నా గాడిదను ఎవడు మేపుతున్నాడో ఏమిటో. ఎండ మొహం చూడాలని ఉందమ్మా,” అనసాగాడు. బ్రియాందా “చూద్దాంలే” అంటూ కౌజుపిట్టను మరోవైపు తిప్పేది.

పండుగకు ముందు దోన్ ఫద్రీకె స్వయంగా చెరసాలకు వచ్చాడు. కోళ్లు పంపి పంపి ఆయన ఇంట్లో పుంజు మిగల్లేదు.

“దోన్యా బ్రియాందా గారూ, వీడి ఆత్మ సంగతి మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మారాడని మీరొక్క మాట ప్రమాణపూర్వకంగా అంటే పండుగ క్షమాభిక్ష కింద ఈ పూటే వదిలేస్తాను. మారలేదంటే మరో ఏడాది ఇక్కడే.”

క్రిస్పీన్ లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. బల్లమీద గుడ్డ కప్పిన రొట్టె ఇంకా ఆవిరి కక్కుతోంది.

బ్రియాందా గుండెమీద చెయ్యి వేసుకుంది.

“అబద్ధం ఆడలేనండీ. ఇంకా మారలేదు.”

దోన్ ఫద్రీకె నిట్టూర్చి వెళ్లిపోయాడు. తలుపు గడియ పడింది. క్రిస్పీన్ మళ్లీ కూర్చున్నాడు.

“అమ్మగారూ, ఇది కూడా నేనే చేసినట్టు రాస్తారా?”

“మరేం చెయ్యను?” అంది బ్రియాందా, రొట్టె మీది గుడ్డ తీస్తూ. “నేను చేశానంటే ఎవరు నమ్ముతారు?”