పాషా ఇంట్లో లేని పనసపండు

ఆ శనివారం పొద్దున అహ్మద్ పాషా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండింటికి ఇంటి ఓనరు వెంకటప్పయ్య భార్యతో కలిసి వస్తాడు. చక్కెర లేని చాయ్ తాగుతాడు. ఇల్లు శుభ్రంగా ఉందని చూసుకుని, "ఇంకో మూడేళ్ళు ఉండవయ్యా" అని చెప్పి కారెక్కుతాడు. ఇందులో తేడా రావడానికి సందెక్కడుందో పాషాకు కనబడలేదు. తేడాకు సందు అక్కర్లేదు, కిటికీ తెరిచి ఉంటే చాలని ఆయనకు అప్పటికింకా తెలియదు.

అశ్వారావుపేటలో పాషాకు ఆ ఇల్లే ఇల్లు, ఆ ఇంటి వరండాయే దుకాణం. కుట్టుమిషను, కత్తెర, టేపు, ఎప్పుడో కుట్టి ఇస్తానని మాటిచ్చిన బ్లౌజులూ అన్నీ అక్కడే. ఇల్లు పోతే బతుకుతెరువు కూడా సామానుతోపాటే ట్రాలీ ఎక్కాలి. టెంటు హౌసు కుర్చీలు పెట్టుకోవడానికి ఆ ఇల్లు తనకిమ్మని రమణ అనే మనిషి నెల రోజులుగా వెంకటప్పయ్య చుట్టూ తిరుగుతున్నాడు. పామాయిలు తోటల మీద బతికే వెంకటప్పయ్య మెత్తటి మనిషి. చివరగా ఎవరు మాట్లాడితే వాళ్ళ మాట వింటాడు.

పైగా ముందురోజు పద్మావతమ్మ ఫోన్ చేసింది. "పాషాగారూ, మా ఆయన షుగరు ఆకాశంలో ఉంది. పోయిన వేసవిలో చుట్టాలింట్లో ఒక్కడే కూర్చుని బిందెంత పనసపండూ తినేసి ఆస్పత్రిలో తేలాడు. మీ ఇంట్లో తీపన్నది ఆయన కంటికి కనబడకూడదు. ఆయనకి తీపి పెట్టినవాళ్ళ గడప నేను తొక్కను. తొక్కనివ్వను."

ఇల్లు వెంకటప్పయ్య పేరున ఉంది. వెంకటప్పయ్య పద్మావతమ్మ పేరున ఉన్నాడు. ఆ సంగతి తెలిసినవాడు గనక పాషా తెల్లారకుండానే లేచి ఇంట్లో తీపిని వెతికి వెతికి వేటాడాడు. అరటిపండ్లు మేకకు వేశాడు. బెల్లం అచ్చు, సేమ్యా పొట్లం, ఖర్జూరాలు, చక్కెర డబ్బా అన్నీ మూటగట్టి, గిరాకీల బట్టలుండే ట్రంకుపెట్టె అడుగున దాచాడు.

"అజీ, చక్కెర గూడ తీస్తే నేను చాయ్ ఎట్ల తాగాలె?" అంది ఇస్మత్.

"ఒక్కపూట ఓర్చుకో. ఇల్లు పోయిందంటే చాయ్ గిన్నె పెట్టే జాగా గూడ ఉండది."

ఇస్మత్ ఓర్చుకుంది. కానీ ఓర్చుకున్నట్టు అందరికీ వినబడేలా ఓర్చుకుంది. గిన్నెలన్నీ ఆ సంగతే చెప్పాయి.

ఆ ఇంటి ప్రహరీ మీదుగా వరండా రేకుల మీదికి ఒక తీగ పాకి ఉంది. నాలుగేళ్ళ కిందట ఇస్మత్ భద్రాచలం పోయినప్పుడు, అడవి మొక్కలమ్మే ఒక ముసలామె దగ్గర కొనుక్కొచ్చి నాటింది. నాలుగేళ్ళుగా అది ఆకులే వేస్తోంది. "నీ తీగ పూలెప్పుడు పూస్తది? నన్ను పాతిపెట్టినంకనా?" అని పాషా రోజూ ఒక మాట అనడం, ఇస్మత్ వినకుండా నీళ్ళు పోయడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆ వారమే తీగ మొట్టమొదటిసారి పూసింది. అయితే దాని పూలు ఆకు రంగులోనే పుట్టి ఆకుల మధ్యే దాక్కుంటాయి. ఆ తెల్లవారుజామున పసుపుకు తిరిగిన నాలుగైదు మాత్రం రేకుల మీద, మనిషి చూపు అందని చోట ఉన్నాయి. కాబట్టి పూసిన సంగతి తీగకు తప్ప ఎవరికీ తెలియదు.

పదింటికి పాషా ముక్కు ఎగరేశాడు. "ఇస్మత్! అరటిపండ్లన్నీ మేకకు ఏసినవా?"

"నువ్వే గదా ఏసింది!"

"మరి ఇల్లంతా అరటిపండ్ల వాసనేంది? తొక్కలేవి?"

"అవి గూడ తిన్నది. మేక గదా."

పాషా వెళ్ళి మేక నోరు వాసన చూశాడు. పెళ్ళయి ఇన్నేళ్ళైనా తన నోరు ఎవరూ ఇంత శ్రద్ధగా పట్టించుకోలేదన్నట్టు చూసింది ఇస్మత్. మేకను తీసుకెళ్ళి పక్కింటి భద్రు దొడ్లో కట్టేసి వచ్చాడు. వాసన తగ్గలేదు. ఫినాయిల్ తెచ్చి ఇల్లంతా చల్లాడు. అప్పుడు అరటిపండును ఫినాయిల్లో నానబెట్టిన వాసన వచ్చింది. మళ్ళీ నీళ్ళు కొట్టాడు. ఫినాయిల్ పోయింది, పండు మిగిలింది. అంతలో బయట కారు ఆగింది.

వెంకటప్పయ్య వరండాలో కుర్చీలో కూర్చుని చాయ్ గ్లాసు అందుకున్నాడు. నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. కళ్ళు మూతలు పడ్డాయి. దేవుడు ప్రత్యక్షమైనా ఆయన మొహం అంత వెలగదు.

"ఏవయ్యా పాషా," అన్నాడు మెల్లగా. "పనసపండు కోశావా?"

పాషా గుండె జారి చెప్పుల్లో పడింది. "పనసపండా? దసరా పోయి పది రోజులు గాలేదు. ఇప్పుడు పనస యాడిది సార్?"

"పనసేమిటండీ మీ మొహం!" అంది పద్మావతమ్మ లేచి నిలబడి. "బంగినపల్లి మామిడి! నా ముక్కు నన్ను మోసం చెయ్యదు. పాషాగారూ, ఫోన్ చేసి మరీ చెప్పానే! ఇదేనా మీరు ఇచ్చే మర్యాద?"

"అల్లా సాక్షిగ అమ్మా, ఇంట్ల పండన్నదే లేదు."

"లేని పండుకి ఇంత వాసనా?" అంటూ ఆవిడ పైట బిగించి లోపలికి నడిచింది.

ఆవిడ గడప దాటీ దాటకముందే వెంకటప్పయ్య పాషా చొక్కా పట్టి దగ్గరకు లాక్కున్నాడు. "చూడు, ఆవిడ ముందు లేదన్నావు, మంచి పని చేశావు. తెలివైనవాడివి. ఒక్క తొన, ఒక్కటంటే ఒక్కటి, ఆ బ్లౌజులో చుట్టి నా చేతిలో పెట్టు."

"సార్, నిజంగ లేదు."

వెంకటప్పయ్య చెయ్యి వదిలేశాడు. మొహం మాడిపోయింది. "పెట్టకపోతే పెట్టకపోయావు గానీ, ఇంట్లో ఉంచుకుని లేదని ఎందుకంటావయ్యా? నీ ఇంటికొచ్చిన మనిషిని నేను. నా ఇంటికే అనుకో. అయినా మనిషినే కదా!"

లోపల్నుంచి పద్మావతమ్మ పిలిచింది. పాషా పరుగెత్తాడు. ఆవిడ మంచాల కింద చూసింది, బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టింది. ఇప్పుడు ట్రంకుపెట్టె ముందు నిలబడి ఉంది. "ఇందులో ఏముంది?"

"గిరాకీల బట్టలమ్మా."

మూత తెరిచింది. మూడు చీరలు, ఒక షేర్వాణీ తీయగానే బెల్లం, సేమ్యా, ఖర్జూరాలు, చక్కెర డబ్బా బయటపడ్డాయి. గుమ్మంలో వెంకటప్పయ్య అవి చూసి, దొంగసొత్తులో తన గొలుసును గుర్తుపట్టినవాడిలా నిట్టూర్చాడు.

"మీ కోసమే దాచినం అమ్మా!" అన్నాడు పాషా. అనగానే ఆ మాట ఎలా వినబడిందో తెలిసి నాలుక కరుచుకున్నాడు.

"మా ఆయన కోసం దాచారా!"

"గట్ల గాదు! ఆయనకు కనబడొద్దని..."

"మరి మామిడిపండ్లు ఎక్కడ దాచారు?"

ఇస్మత్ నెత్తి కొట్టుకుంది. నిజం చెప్పి చెప్పి అలిసిపోయిన పాషా ఆ క్షణంలో ఒక అబద్ధం ఆడాడు. అతని తప్పేం లేదు. నిజానికి ఆ ఇంట్లో ఆ పూట చెల్లుబాటు లేదు. "వాసన మా ఇంట్లది గాదమ్మా. పక్కింటి భద్రు ఇంట్ల నుంచి వస్తున్నది."

భద్రు పామాయిలు గెలల ట్రాక్టరు నడుపుతాడు. రాత్రి డ్యూటీ దిగి పడుకున్నవాడు, తన పేరు వినబడి గోడ మీద నుంచి తల పెట్టాడు.

"నా ఇంట్లనా? మంచిగున్నది పాషా భాయ్! నేనే నిన్ను అడుగుదామనుకున్న. పొద్దుగాల నుంచి నీ ఇంట్ల నుంచి ఇప్పపూల వాసన గుప్పుమంటున్నది. నిద్ర పడుతలేదు. సారా గిట్ల కాస్తున్నవా ఏంది? కాస్తే పక్కింటోనికి ఒక మాట చెప్పొద్దా?"

"సారానా!" అంది పద్మావతమ్మ.

అశ్వారావుపేటలో మంచి కబురు కాలినడకన పోతుంది, సారా కబురు మోటారు సైకిలెక్కి పోతుంది. చూస్తుండగానే గేటు దగ్గర పదిమంది చేరారు. "దర్జీ పాషా కాస్తున్నడంట" అని ఒకడంటే, "కుట్టుమిషన్ ఉట్టిగనే పెట్టిండంట" అని ఇంకొకడు అందుకున్నాడు. ముందుచూపున్న ఒకతను ఖాళీ సీసా కూడా తెచ్చుకున్నాడు.

ఆ గుంపును తోసుకుంటూ, గుమ్మాల కొలతలు తీసుకుందామని చేతిలో టేపుతో రమణ వచ్చాడు. వచ్చి, గట్టిగా రెండుసార్లు గాలి పీల్చి, తల పంకించాడు.

"వెంకటప్పయ్య గారూ, మీరు మోసపోయిండ్రు. ఇది సారా గాదు, పనస గాదు. మందేసి మగ్గబెట్టిన అరటిపండ్లు. రెండో రోజు వాసన. మొదటి రోజు గింత రాదు, మూడో రోజు పులుపు తగుల్తది. పాషా లోపట పండ్లు మగ్గబెట్టే దందా చేస్తున్నడు. అధికారులు పట్టుకుంటే కేసు ఓనరు మీదనే ఐతది సార్!"

కేసనే మాట వినగానే వెంకటప్పయ్య మొహంలో పనసపండు పూర్తిగా ఆరిపోయింది. కుర్చీలో కూలబడి, చాయ్ గ్లాసు మోకాలి మీద పెట్టుకుని అన్నాడు: "పాషా! నిన్ను సొంత మనిషిలా చూశాను. పండు దాచావు, సర్దుకున్నాను. బెల్లం దాచావు, సర్దుకున్నాను. ఇక నావల్ల కాదు. ఇవాళే ఇల్లు ఖాళీ చెయ్."

పాషా కుట్టుమిషను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. రమణ అప్పుడే టేపు సాగదీసి గుమ్మానికి ఆనించాడు.

సరిగ్గా అప్పుడు వరండా రేకులు దడదడలాడాయి. ఊళ్ళో ఏ పండు మగ్గినా అందరికంటే ముందు తెలిసేది కోతులకే. ఒక పెద్ద గండుకోతి వాసన పట్టుకుని రేకుల మీదికి దిగింది. ఆకులు చీల్చి చూసింది. పసుపుపచ్చగా కనబడినదాన్ని తెంపి కసుక్కున కొరికింది. కొరికాక దాని మొహంలో కనబడిన బాధ చూస్తే, ఆ పూట మోసపోయినవాళ్ళలో అందరికంటే నష్టపోయింది అదేననిపిస్తుంది. థూ అని ఊసి, చేతిలోది కసిగా కిందికి విసిరింది. అది వచ్చి వెంకటప్పయ్య చాయ్ గ్లాసులో పడింది.

వెంకటప్పయ్య రెండు వేళ్ళతో దాన్ని బయటికి తీశాడు. ఆరు మందపాటి రేకులు, కొక్కెంలాంటి తొడిమ. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పనస!" అన్నాడు, ఏడుపు గొంతుతో.

పద్మావతమ్మ లాక్కుని చూసింది. "మామిడి!" అంది. మరుక్షణం కళ్ళు పెద్దవి చేసింది. "అయ్యో, ఇది మనోరంజితం! మా అమ్మమ్మగారి పెరట్లో ఉండేది. ఎవరు ఏ వాసన మనసులో తలుచుకుంటే వాళ్ళకి ఆ వాసనే వస్తుందనేవారు."

"భద్రాచలంల నాకు మొక్క అమ్మిన అవ్వ గూడ గదే చెప్పింది," అంది ఇస్మత్, చేతులు కట్టుకుని. "చెప్పొచ్చిన. నాలుగేండ్లు రోజూ తీగను తిట్టుడే సరిపోయింది ఈయనకు, వినే తీరికేది?"

వరండాలో అందరి చూపులూ నేలకు దిగాయి. ఎవరి మనసులో ఏముందో అప్పటికే ఊరందరి ముందూ ఎవరి నోటితో వాళ్ళే చెప్పేసుకున్నారు మరి.

"అంటే మీ మనసులో ఇంకా పనసే ఉందన్నమాట," అంది పద్మావతమ్మ భర్తతో.

"నీ మనసులో మామిడి లేదూ?"

ఆవిడ గొంతు తగ్గింది. "మీరు తినకూడదని నేనూ రెండేళ్ళుగా ముట్టుకోలేదు."

గోడవతల నుంచి భద్రు పెళ్ళాం గొంతు వినబడింది. "ఇప్పపువ్వు వాసనొచ్చిందా? ఇంట్లకు రా, చెప్త." భద్రు తల గోడ వెనక మెల్లగా అస్తమించింది. సీసా తెచ్చుకున్నతను దాన్ని చొక్కాలో దాచుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు వెంకటప్పయ్య ఏదో గుర్తొచ్చినట్టు తల తిప్పి, గుమ్మం దగ్గర టేపు చుట్టుకుంటున్న రమణ వైపు చూశాడు.

"ఏం రమణా, నీ మనసులో మందేసి మగ్గబెట్టిన అరటిపండ్లెందుకున్నాయి?"

"అది... ఊరికెనే సార్..."

"టెంటు హౌసు కుర్చీలవాడికి రెండో రోజు వాసనా మూడో రోజు వాసనా ఎట్లా తెలుసు? ఇంతకీ నా ఇంట్లో పెడదామనుకున్నది కుర్చీలేనా?"

రమణ టేపు పూర్తిగా చుట్టుకోకుండానే బయల్దేరాడు. దాని చివర గేటుదాకా అతని వెనకే పాకుతూ పోయింది.

"పాషా," అన్నాడు వెంకటప్పయ్య, పువ్వును భార్య చేతిలోంచి తీసుకుని మళ్ళీ ముక్కుకు ఆనించుకుని. "మూడేళ్ళు కాదు, ఉన్నన్నాళ్ళు ఉండు. ఈ తీగ మీద కత్తెర పడిందా, నీ సంగతి చూస్తా."

"అవునూ," అంది పద్మావతమ్మ ఆలోచిస్తూ. "వాసనకి షుగరు పెరగదు కదా?"

భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాషా ఆనందంలో ఆ చూపును పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

వాళ్ళ కారు కదిలాక ఇస్మత్ ట్రంకుపెట్టెలోంచి చక్కెర డబ్బా తీసుకుంది. పాషా ఆరా తీశాడు: "ఇంతకీ నీకేం వాసనొచ్చింది?"

"చక్కెరేసిన చాయ్," అంది ఇస్మత్.

మర్నాడు పొద్దున్నే ఆ కారు మళ్ళీ వచ్చింది. డిక్కీలోంచి పడక్కుర్చీ దిగింది. కుట్టుమిషను అడ్డమని పక్కకు జరిగింది, తర్వాత ఇంకాస్త పక్కకు, నాలుగో రోజుకు వంటింట్లో పొయ్యి పక్కకు చేరింది. వెంకటప్పయ్య టిఫిన్ వేళకు వచ్చి, కళ్ళు మూసుకుని, పొద్దు వాలేదాకా ఒక్కో తొనా ముక్కుతోనే తింటాడు. పద్మావతమ్మ పక్కనే మోడా మీద కూర్చుని మామిడిపండ్లు కానిస్తుంది. మబ్బు పట్టి వాసన తగ్గితే లోపలికి కేక వేస్తాడు: "పాషా, ఇవాళ పండు సరిగ్గా మగ్గలేదయ్యా!"

"పూస్తలేదు పూస్తలేదని నాలుగేండ్లు తిట్టిన నోరు," అంటుంది ఇస్మత్ పోపు వేస్తూ. పాషా కుడుతున్న బ్లౌజు మీదికి చిట్లిన ఆవాలు దులుపుతాడు.

అలా అహ్మద్ పాషా ఇల్లు ఖాళీ చెయ్యలేదు. వరండా చేశాడు.