గొడుగు పట్టుకున్న మేక

“అమ్మడూ, నేను లిఫ్టులో ఇరుక్కుపోయి మీట నొక్కాననుకో, ఆ ఫోను నీకే వస్తుందా, నీ పక్కన కూర్చునే దగ్గుల పిల్లకి వస్తుందా?”

పొద్దున్నే మా అమ్మాయిని నేనడిగిన ప్రశ్న ఇది. అప్పటికి లిఫ్టు బాగానే ఉంది, నేను అందులో లేను. అయినా ముందుగా భయపడి ఉంచుకుంటే, అవసరానికి వెతుక్కోనక్కరలేదు.

“నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది,” అన్నారు మా ఆయన పేపరు దించకుండా.

మా అమ్మాయి ఎడమ చేత్తో తల దువ్వుకుంటూ, కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చింది. చెప్పులు వేసుకుంది. గడప దాటింది. మెట్ల మలుపు తిరిగాక కింద నుంచి జవాబు వచ్చింది. “నాకే రావచ్చమ్మా!” (నిన్న లిఫ్టులో దిగింది కాబట్టి ఇవాళ మెట్లు. అదీ ఒక అలవాటే.)

మనిషి బుర్ర మనిషి దగ్గరే ఉంటే పాడైపోతుంది, దాన్ని ఆఫీసు వారు స్వాధీనం చేసుకుని సాన పట్టాలి. ఈ మహాసత్యాన్ని మా అమ్మాయి ఫోన్లెత్తి జవాబులు చెప్పే లిఫ్టుల మరమ్మతు కంపెనీ ఈమధ్యే కనుక్కుంది. కనుక్కున్నదే తడవుగా ‘బుద్ధివికాస అధికారి’ అని ఒకాయన్ని నియమించింది. ఆయన వస్తూనే ‘పదును’ అనే యాప్‌ను అందరి ఫోన్లలోకీ దింపించాడు. తెలివి, జ్ఞాపకం, సృజన, మూడూ పెరిగేదాకా ఎవరినీ వదలనని ప్రకటించాడు.

అప్పటినుంచి మా ఇంట్లో పళ్ళు తోమడం ఎడమ చేత్తో, సంతకం ఎడమ చేత్తో. (బ్యాంకు వారు ఆ సంతకం చూసి, ‘నువ్వు నువ్వు కాదు’ అన్నారు. సంగతి విని అధికారి ఎంతో సంతోషించి, ‘ఎదుగుదల అంటే అదేనమ్మా’ అన్నాడట.) రోజూ నడిచే దారిన నడిస్తే బుర్రకు తుప్పు పడుతుంది కాబట్టి ఆఫీసుకు కొత్త దారిన వెళ్ళాలి. ఆఫీసు మా వీధి చివరే. దగ్గరి దారులన్నీ అయిపోయి, ఇప్పుడు పిల్ల రైల్వే స్టేషను మీదుగా వెళ్తోంది. ఏదీ రాసుకోకూడదు, చిరునామాలను బొమ్మలుగా ఊహించుకుని గుర్తుపెట్టుకోవాలి. ఒకసారి చెప్పిన మాట ఆ రోజుకు మళ్ళీ చెప్పకూడదు, అది సృజనకు చెద. అన్నిటికన్నా ముఖ్యంగా, అడిగినదానికి వెంటనే బదులివ్వకూడదు. ‘వెంటనే వచ్చేది జవాబు కాదు, ఎక్కిళ్ళు’ అని అధికారి గోడ మీద రాయించాడు.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇవాళ మా అమ్మాయి ఉద్యోగం ఖాయం చేస్తారో లేదో తేలే రోజు. అధికారి స్వయంగా వెనక నిలబడి వింటాడు. ఫోను చేసినవాళ్ళను చివర్లో యంత్రం ‘మీ సమస్య తీరిందా?’ అని అడుగుతుంది. ఒక్కరు ‘తీరలేదు’ అన్నారా, పిల్ల మళ్ళీ మొదటినుంచి శిక్షణలో కూర్చోవాలి. దగ్గుల పిల్ల అలా కూర్చున్నదే. (జవాబుకు ముందు ఆలోచించేది పాపం. దగ్గు మాత్రం ఆలోచించకుండా వచ్చేసేది.) ఉద్యోగం ఖాయం కాకపోతే పిల్ల దిగులు పడుతుంది, దిగులుకు జ్వరం వస్తుంది, జ్వరం ముదురుతుంది. ఆ తరవాతి భాగం ఆలోచించకూడదని మా ఆయన నాకు ఆంక్ష పెట్టారు.

జ్ఞాపకశక్తి కార్యక్రమం మొదలైననాటినుంచి మా అమ్మాయి భోజనం డబ్బా మరచిపోని రోజు లేదు. ఇవాళా మరచిపోయింది. ఇచ్చి వద్దామని డబ్బా పట్టుకుని లిఫ్టెక్కాను. పై అంతస్తు టైలరు అప్పటికే లోపలున్నాడు, ఎవరో పెళ్ళికొడుకు కోటు చేతి మీద వేసుకుని. నాలుగో అంతస్తు దాటి మూడోది రాకముందే లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. ఫ్యాను కూడా ఆగింది.

“చూశావా తమ్ముడూ, పొద్దున్నే అన్నాను!”

“నువ్వన్నావు కాబట్టే ఆగిందేమో అక్కా,” అన్నాడు టైలరు. “ముందు ఆ మీట నొక్కు. ఈ కోటు చేరకపోతే అక్కడ పెళ్ళికొడుకు బనీను మీద నిలబడాలి.”

నొక్కాను. కాసేపటికి గోడలోంచి మా అమ్మాయి గొంతు వినిపించింది. “నమస్కారమండీ. మీ మాట విన్నాను. ఆలోచిస్తున్నాను.”

“అమ్మడూ, నేనే! మనింటి లిఫ్టులో ఇరుక్కుపోయాను!”

గోడకు చెవి ఆనించాను.

“ఎవరక్కా?” అన్నాడు టైలరు.

“మా అమ్మాయే.”

“మరి పలకదేం?”

“బుర్రకు పదును పెడుతోంది. కాస్త ఓపిక పట్టు.”

టైలరు కోటును ఈ చేతి మీదనుంచి ఆ చేతి మీదికి మార్చుకున్నాడు. (తెలియకుండానే ఆయన కూడా కార్యక్రమంలో చేరిపోయాడు.) అప్పుడు గోడ మళ్ళీ పలికింది. “మీది... గొడుగు పట్టుకున్న మేక భవనం కదండీ?”

“మేకేమిటే! నువ్వు పుట్టి పెరిగిన ఇల్లు ఇది!”

వెనకనుంచి ఒక మగగొంతు “భేష్” అంది. అధికారి పక్కనే ఉన్నాడని అర్థమై నాలుక కరుచుకున్నాను. మర్యాదగా అడిగాను. “మెకానిక్కు బయల్దేరాడా అమ్మా?”

నా నుదుటి చెమట కనుబొమ్మ దాటేంత సేపు ఆలోచించింది. “బయల్దేరారండీ. కొత్త దారిలో.”

“కొత్త దారెందుకండీ, ఆఫీసు మా వీధి చివరేగా?”

“అది నిన్నటి దారండీ.”

టైలరు చిన్నగా కూలబడ్డాడు, కోటు నేలకు తగలకుండా రెండు చేతులూ పైకెత్తి. నాకు ఊపిరాడనట్టనిపించింది. (నాకు బజార్లో కూడా అలాగే అనిపిస్తుంది. కానీ ఇక్కడ కారణం కూడా ఉంది.) “నాకు భయంగా ఉందమ్మా,” అన్నాను. ఈసారి నటించలేదు.

ఆలోచన. చాలా పెద్ద ఆలోచన.

“ఇందాక ఒకరికి ‘భయపడకండి’ అని చెప్పేశానండీ,” అంది చివరికి. “అందుకని మీరు... భయపడండి.”

పుట్టి బుద్ధెరిగాక ఏ ఆఫీసూ నాకు పాటించదగ్గ సలహా ఇవ్వలేదు. ఇదొక్కటే ఇచ్చింది. వెంటనే పాటించాను. డబ్బా చేతిలోంచి జారి ఠంగున పడింది.

“అమ్మా! కింద కూర్చోమ్మా, నీ మోకాళ్ళు!” అంది గోడ. ఆలోచించలేదు, ఊపిరి పీల్చలేదు, ఒక్క క్షణం ఆగలేదు.

అటునుంచి ‘ప్చ్’ అని వినిపించింది. ఆ ‘ప్చ్’ మా అమ్మాయిది కాదు. “ఎక్కిళ్ళమ్మా, ఎక్కిళ్ళు,” అన్నాడు అధికారి ఎంతో బాధగా. “ఇక అంతా ఆవిడ చెప్పే జవాబు మీదే ఆధారపడి ఉంది.” ఫోను ఆగిపోయింది.

నేను కూర్చున్నాను. మోకాళ్ళకు నిజంగానే హాయిగా ఉంది.

అంతలో యంత్రం వచ్చింది. దాని గొంతులో చల్లగాలి ఆడుతోంది. “మా సేవలను వాడుకున్నందుకు ధన్యవాదాలు. మీ సమస్య తీరిందా? బాగా ఆలోచించి, తీరింది లేదా తీరలేదు అని చెప్పండి.”

“ఇందులో ఆలోచించడానికేముందక్కా!” టైలరు లేచి నిలబడ్డాడు. “తీరలేదని చెప్పు. గట్టిగా చెప్పు. పెద్దవాళ్ళెవరైనా వస్తారు.”

నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం మా ఆయన చూసి ఉంటే డాక్టరును పిలిచేవారు.

“మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నాం,” అంది యంత్రం.

టైలరు నా మొహంలోకి చూశాడు. “అక్కా, వద్దు. అక్కా, పెళ్ళి అక్కా...”

పైన తలుపు సందులోంచి నాలుగో అంతస్తు నేల ఒక గీతలా కనిపిస్తోంది. దాని మీదనుంచి ఎవరివో చెప్పులు నడిచి వెళ్ళిపోయాయి. కొత్త దారిలో వస్తున్న మెకానిక్కు ఈపాటికి రైల్వే స్టేషను చేరి ఉంటాడు. నేను కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, కార్యక్రమం కోరినంతసేపు ఆలోచించాను.

“తీరిందండీ,” అన్నాను, మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్యనుంచి.