శత్రువుల వంటవాడు ఇల్లు చేరాడా?

కాలనీ సంక్షేమ సంఘం వారు యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఇకమీదట పళ్ళ డాక్టరు గారి గడప తొక్కుట దేశద్రోహము. పంటినొప్పి గలవారు దేశం కోసం ఓర్చుకోవలెను. బొత్తిగా ఓర్చుకోలేనివారు పన్ను పీకించుకుని, ఆయనతో మాట కలపకుండా తిరిగి రావలెను.

డాక్టరు చేసిన నేరం చిన్నదేమీ కాదు. సంఘం హాల్లో నెలకో సినిమా వేస్తారు. ఏ సినిమా వేయాలో వంతులవారీగా ఒక్కో ఇంటివారు సిఫారసు చేస్తారు. అందరూ బుద్ధిగా మన సైన్యం గెలిచే సినిమాలే చెబుతూ వచ్చారు. ఈ మహానుభావుడు మాత్రం అవతలి దేశం వాళ్ళు తీసిన యుద్ధం సినిమా చెప్పాడు. అందులో శత్రువులం మనమే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే కదా!

సంఘం నియమావళి ప్రకారం తెర మీద బాంబు పడితే హాలంతా లేచి చప్పట్లు కొట్టాలి. ఇన్నాళ్ళూ మన బాంబులు ఎవరి మీద పడ్డాయో ఏ సినిమా చూపించలేదు కాబట్టి ఇబ్బంది రాలేదు. ఈసారీ మన బాంబే పడింది, అలవాటు కొద్దీ అందరూ లేచి కొట్టారు. పొగ తగ్గాక చూస్తే అది పడింది వంటశాల మీద. కూతుర్ని చూడ్డానికి సెలవు దొరికిందని సంబరపడుతూ ఉల్లిపాయలు తరుగుతున్న శత్రుసైన్యపు వంటవాడు, చెవులు వినపడక దిక్కులు చూస్తున్నాడు. చప్పట్లు నీరుగారిపోయాయి. వంటవాడు గరిటె సంచిలో వేసుకుని కాలినడకన ఇంటిదారి పట్టాడు. హాల్లో ముక్కులు చీదడం మొదలైంది. అది ఉల్లిపాయల వల్లనేనని సంఘం తరవాత ఏకగ్రీవంగా తీర్మానించింది.

వంటవాడు వంతెన ఎక్కాడు. పైన మన విమానాలు. సరిగ్గా అప్పుడు అధ్యక్షుల వారు కళ్ళు తుడుచుకుంటూనే లేచి సినిమా ఆపించారు.

"సోదర సోదరీమణులారా, మన కన్నీళ్ళు మన సైనికుల కోసం దాచుకున్నవి. వాటిని దొంగదారిన శత్రువులకు తరలించిన ఈ డాక్టరును ఏం చేద్దాం?"

ఏం చేశారో పైన చదివారు.

క్లినిక్కులో కుర్చీ ఖాళీ అయింది. డాక్టరుకు దిగులు పట్టుకుంది. ఆ కుర్చీ పక్కనే జుట్టు నెరిసింది, ఇంకో ఊళ్ళో మళ్ళీ మొదలుపెట్టే వయసా? "లోకంలో సినిమాలకి కరువొచ్చిందా మీకు?" అని భార్య సాధించి, పెట్టే బేడా సర్దడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం, కాలనీ కునుకు తీసే వేళ, పచారీ కొట్టాయన దవడ పట్టుకుని వెనక గుమ్మంలోంచి వచ్చాడు. నోరు తెరిస్తే పళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. "పన్ను సంగతి అలా ఉంచండి. ఆ వంటాయన ఇల్లు చేరాడా?" అన్నాడు.

చేరలేదని, ఆ సినిమా ముందే చూసిన డాక్టరు చెప్పాడు. వంతెన కూలింది, గరిటె ఒక్కటే చేరింది. కొట్టాయన కాసేపు ఏడ్చి, వచ్చిన దారినే పోయాడు. మర్నాటి నుంచి వెనక గుమ్మానికి తీరిక లేదు.

చివరికి అధ్యక్షుల వారే వచ్చారు. కథ విని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. డాక్టరుకు ప్రాణం లేచొచ్చింది.

"ఇంకేమండీ, అందరూ ఏడ్చినవాళ్ళే. ఆ తీర్మానం ఎత్తేయించండి."

అధ్యక్షులు ఉలిక్కిపడి కిటికీలోంచి చూశారు. వెనక గుమ్మం ముందు సగం కాలనీ దవడలు పట్టుకుని వరసలో నిలబడి ఉంది. వాళ్ళూ ఆయన్ని చూశారు. ఆయన మెల్లిగా వచ్చి కుర్చీలో వెనక్కి వాలారు.

"ఒక పన్ను పీకండి."

"అన్నీ గట్టిగా ఉన్నాయండీ."

"తెలుసు. ముందుది పీకండి, నవ్వితే కనబడాలి."

ఆయన బయటికి వెళ్ళి, పంటి కోసమే వచ్చానన్నట్టు వరసకంతటికీ నోరు తెరిచి ఆ ఖాళీ చూపించారు. తరవాత లోపలికి వచ్చిన ప్రతివారూ కథ విని, ఏడ్చి, పీకమని అదే ముందు పన్ను చూపించారు. తీర్మానం ఇప్పటికీ అమల్లోనే ఉంది. డాక్టరుకు ఊపిరాడనంత పని.

నవ్వుతున్నారా? ఏదీ, ఓసారి మీ పళ్ళు చూడనివ్వండి.