పోనీ అంటే పోయింది

ఆ రోజు పొద్దున బిగింపు బావ ఇస్త్రీ చొక్కా నలుగుతుందని నిలబడే కాఫీ తాగాడు. వినోదాల పార్కులో రోలర్ కోస్టర్ ఎక్కినవాళ్ళ ఒళ్ళో ఇనుప బారు బిగించడం అతని పని. ఆ పేరూ అందుకే వచ్చింది. ఆరేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగమే. ఇవాళ వచ్చే తనిఖీ అధికారి మంచిగా రాస్తే ఖాయమవుతుంది, లేదంటే ఇంటిదారి పట్టడమే.

పద్ధతి తేలికే. బావ బార్లన్నీ బిగించి, చొక్కాకి తగిలించుకున్న మైకులో "పోనీ" అంటాడు. అద్దాల గదిలో ప్లాట్‌ఫారానికి వీపు పెట్టి కూర్చున్న భార్య, బార్లు బిగిశాయని చెప్పే పచ్చదీపం చూసుకుని బండి కదిలించే మీట నొక్కుతుంది. ఇంట్లో అతని మాట ఒక్కటీ చెవిన పెట్టని మనిషి, ఈ ఒక్క మాట మాత్రం తు.చ. తప్పదు. పైగా ఆ పాత మైకులో ఎవరు మాట్లాడినా ఒకే గొంతులా వినిపిస్తుంది.

అధికారి వస్తూనే ముందు సీట్లో కూర్చుని బారు బిగించమన్నాడు. "బిగింపు బాగానే ఉంది. చెప్పులు విప్పాలని బోర్డు పెట్టలేదేం?"

"పోనీ, ఇప్పుడే రాయించమంటారా సార్?" అన్నాడు బావ వినయంగా.

బండి పోయింది.

తిరిగొచ్చేసరికి అధికారి క్రాపు నిక్కబొడుచుకుని ఉంది. "కూర్చుని చూద్దామనుకుంటే ఆకాశం చూపిస్తావా? నీ ఉద్యోగం..." బావకి పై ప్రాణాలు పైనే పోయాయి. చేతులు జోడించి అధికారి మీదికి వంగిపోయాడు. ఆ అవస్థ చూసి ఆయనకే జాలేసింది. "సరేలే, పోనీ," అన్నాడు.

మళ్ళీ పోయింది.

అప్పుడే కూతురికీ అల్లుడికీ భోజనం క్యారేజీ తెచ్చిన అత్తగారు సంగతంతా విన్నది. బండి ఆగీ ఆగకముందే అల్లుణ్ణి ఆనుకుని నిలబడి అధికారిని బతిమాలింది. "పోనీ నాయనా, నా కూతురి మొహం చూసైనా..."

ఆ కూతురే మీట నొక్కింది.

మూడోసారి బండి ఆగగానే బావ మైకుని పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు. అధికారి దిగి, స్తంభం ఆసరాగా నిలబడి, చాలాసేపు ఏదో రాశాడు. అంతసేపు నిలబడలేక అత్తగారు ఖాళీ అయిన ముందు సీట్లో కూలబడింది. సీట్లో మనిషి కనిపిస్తే ఊరుకోలేని బావ అలవాటు కొద్దీ బారు బిగించాడు.

"మూడు చుట్లు తిప్పినా అంగుళం జారలేదు. ఇంతకన్నా గట్టి తనిఖీ ఇంకెవడు చేస్తాడయ్యా," అన్నాడు అధికారి. బావకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన మైకు అందుకుని గదిలోకి చెప్పాడు. "అమ్మా, ఇక ఆ పాత మాట వద్దు. 'కానీ' అంటేనే మీట నొక్కు."

"అలాగేనండి," అంది భార్య గదిలోంచి.

అధికారి మైకు చేత్తో పట్టుకునే బావ వైపు తిరిగాడు. "నీ ఉద్యోగం ఖాయం చేస్తున్నా. కానీ..."

ఆ తరవాత ఆయన పెట్టిన షరతేమిటో అత్తగారి కేకల్లో ఎవరికీ వినబడలేదు.