పాస్‌పోర్టుకి ప్రస్థానం

మంగళవారం తెల్లవారుతూనే కోటిరత్నం తయారై కూర్చుంది. ఆరింటికి ప్రత్తిపాడులో కారెక్కితే మధ్యాహ్నానికి శంషాబాద్, నాలుగున్నరకి విమానం. అక్కణ్ణుంచి దుబాయ్ రెండువేల ఐదువందల కిలోమీటర్లు, నాలుగు గంటలు. రేపు అక్కడి ప్రదర్శనలో తన పొలం మిరపకాయల కారం, తన పేరుతో, తన బల్ల మీద! పొద్దున పదింటికల్లా మనిషి కనబడకపోతే ఆ బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఇన్నాళ్ళూ ఆ కారాన్ని తన పేరు మీద అమ్ముకున్న బావగారు అంకమ్మరావుకి ఇది మింగుడుపడలేదు. "మంగళవారం ప్రయాణమా? అదీ సముద్రం దాటి!" అని గోల చేసి, సోమవారమే మంచి ఘడియలో ప్రస్థానం పెట్టించాడు. ముందురోజే సామాను పక్కింట్లో పెడితే ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. పాస్‌పోర్టు లేని సంచి చెల్లదన్నాడు. పంచాంగం చేతిలో ఉన్నవాడితో వాదించేదెవరు? కోటిరత్నం పాస్‌పోర్టు కూడా అందులో పడేసి, సంచిని పక్కింటి మౌలాబీకి అప్పగించింది.

పొద్దున్నే అంకమ్మరావు డీజిల్ కొట్టించుకొస్తానని కారు తీశాడు. ఆ చప్పుడుకి మౌలాబీ సంచి వైపు చూసింది. "అయ్యో, రత్నమక్క సంచి మర్చిపోయి వెళ్ళిపోయిందే!" కోటిరత్నం ఇంట్లోకి తొంగిచూద్దామన్న ఆలోచనే రాలేదు. తాళం వేసి, సంచి నెత్తిన పెట్టుకుని ఆటో ఎక్కేసింది.

కోటిరత్నం సంచి కోసం వెళ్ళేసరికి మౌలాబీ తలుపుకి తాళం. ఫోన్ చేస్తే లోపలే మోగింది. ఊరంతా వెతికాక ఏడింటికి ఆటో ముదస్సిర్ తిరిగొచ్చి, "మౌలాబీనా? నేనే గుంటూరులో హైదరాబాద్ బస్సెక్కించి వస్తున్నా" అన్నాడు.

"అపశకునం. ఆగిపోమ్మా," అన్నాడు అంకమ్మరావు, కాస్త ఉత్సాహంగానే.

"సంచి వెళ్ళిపోయింది బావగారూ. నేనెందుకాగుతాను? తీయండి కారు!"

దాచేపల్లి దగ్గర ఓ హైదరాబాద్ బస్సుకి కారు అడ్డం పెట్టించి, ఎక్కి సీటు సీటూ వెతికింది. మౌలాబీ లేదు. కింద బస్సు డ్రైవరు దిగొచ్చి అంకమ్మరావు చొక్కా పట్టుకున్నాడు. "ఏందయ్యా, రోడ్డు మీ తాతదా?" ప్రయాణికులంతా దిగి తలో మాటా అన్నారు. అరగంట పోయింది.

"పరువు పోయింది, వెనక్కి పోదాం," అన్నాడాయన.

"తిట్టింది మిమ్మల్నేగా. నాకేం పోలేదు, పదండి!"

రెండింటికి శంషాబాద్ చేరారు. గేటు దగ్గర మౌలాబీ సంచి మీద కూర్చుని కాపలా పోలీసుతో పోట్లాడుతోంది. "వచ్చావా అక్కా! విమానం ఆపమంటే ఈయన వినడే!"

కోటిరత్నం ఆమెను వాటేసుకుని ఏడ్చేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, సంచి భుజాన వేసుకుని, బావగారి వైపు తిరిగింది. "వస్తానండీ. ఇక నా కారం నా పేరు మీదే అమ్ముతాను." లోపలికి వెళ్ళిపోయింది.

అంకమ్మరావు కారులో కూర్చుని పంచాంగం తిప్పాడు. తిరుగు ప్రయాణానికి వర్జ్యం అడ్డొచ్చింది, అది దాటితే దుర్ముహూర్తమట. మౌలాబీ కాసేపు చూసి బస్సెక్కి వెళ్ళిపోయింది.

కోటిరత్నం దుబాయ్‌లో దిగి ఫోన్ చేసేసరికి ఆయన ఇంకా శంషాబాద్ పార్కింగ్‌లోనే ఉన్నాడు.