ఒటీలిన్ నామకరణం

ఆ ఆదివారం ఉదయం లుడొల్ఫ్ గడ్డం గీసుకుంటూ, మధ్యాహ్నం చెప్పబోయే అబద్ధాన్ని అద్దంలో తనకు తానే వినిపించుకున్నాడు. "ఒటీలియె, నేనేం చెయ్యను? పోయినేడు జెనీవాలో రసాయనశాస్త్రపు పెద్దలంతా కూర్చుని తీర్మానించేశారు. ఇకమీదట కొత్త పదార్థాలకు ముద్దుపేర్లు పెట్టకూడదట. కర్బనపు గొలుసు లెక్కపెట్టి, దాన్నిబట్టే పేరు పెట్టాలట." నిజానికి ఇందులో అబద్ధం పెద్దగా లేదు. అయినా గడ్డం తెగింది.

ప్రేమలో పడ్డ కొత్తలో మనవాడు ఒక మాట ఇచ్చాడు. ప్రయోగశాలలో ఇంతవరకు ఎవ్వరూ చెయ్యని పదార్థం చేస్తే దానికి ఒటీలియె పేరు పెడతానని. ఆ పదార్థం తయారైంది. ఖర్మ కాలి అందులో గంధకం చేరింది. చచ్చిన ఎలుకను కుళ్ళిన ఉల్లిపాయలతో కలిపి ఉడికిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది దాని వాసన. మొదటిసారి సీసా మూత తీసిన రోజున పక్క వీధి రొట్టెల దుకాణంవాడు పోలీసులను పిలిచాడు. దీనికి "ఒటీలిన్" అని పేరు పెట్టి పత్రికలో వేయించాక, ఇక పెళ్ళి మాట దేవుడెరుగు!

దీనికి తోడు ఇంకో తంటా ఉంది. ఒటీలియె తల్లి క్నాప్ దొరసాని, జర్మన్‌లో ఫ్రౌ క్నాప్, ఒకరోజు, "ఎలా ఉంటుంది బాబూ అది?" అని అడిగితే, "ఒక్క చుక్క చాలండీ, వీధి వీధంతా తెలిసిపోతుంది" అన్నాడు. ఉన్నమాటే అన్నాడు. ఆవిడ అత్తరు అనుకుంది. కాదని చెప్పే ధైర్యం ఇతగాడికి లేకపోయింది.

కాఫీ వేళకు క్నాప్‌ల ఇంట్లో అడుగు పెట్టినవాడు టోపీ తియ్యడం కూడా మరిచిపోయాడు. సోఫాలో సాక్షాత్తూ తన ప్రొఫెసర్ హార్ట్‌విగ్, పక్కన ఆయన భార్య హెడ్విగ్ కూర్చుని ఉన్నారు.

"రండి అల్లుడుగారూ! శుభమా అని పేరు పెట్టుకుంటుంటే పెద్దవాళ్ళు లేకపోతే ఎలా? నేనే పిలిచాను" అంది ఫ్రౌ క్నాప్. "పెళ్ళి తేదీ కూడా ఇవాళే అనుకుందాం. ముందు పేరు కానివ్వండి."

"నా పేరు మీద కూడా ఒకటుందమ్మా, హెడ్విగిన్ అని" అంది ప్రొఫెసరమ్మ, మెడలో గొలుసు సవరించుకుంటూ. "పెళ్ళయిన కొత్తలో పెట్టారు. ఎన్నిసార్లు అడిగినా చూపించరు. అంత విలువైనదట!"

ప్రొఫెసర్‌గారు కేకు ముక్కను అవసరానికి మించి నమిలారు.

"విన్నారా అల్లుడుగారూ? మా పిల్లకేం తక్కువ?"

ఇక తప్పదని లుడొల్ఫ్ జెనీవా పాఠం అప్పజెప్పాడు. "కొత్త నియమం ప్రకారం దీని పేరు రెండు-ఇథైల్-బ్యూటేన్-రెండు-థయాల్ అండీ."

ఫ్రౌ క్నాప్ మొహం మాడిపోయింది. "అది పేరా, ఇంటి నంబరా? ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. మాకు సంబంధాలు లేక కాదు!"

"అమ్మా, ఉండు" అంది ఒటీలియె. ఆమె గొంతులో బాధ లుడొల్ఫ్‌కు సూటిగా తగిలింది. "ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పు లుడొల్ఫ్. నాకు అర్థం కావాలి."

అతను ఆదరాబాదరాగా కేకులోంచి ఎండుద్రాక్షలు ఏరి బల్లగుడ్డ మీద పేర్చాడు. "ఇదిగో, ఒక్కో ద్రాక్ష ఒక్కో కర్బనం. నడిమిది ఒకటి. దీనికి మూడు కొమ్మలు. ఒక కొమ్మకి ఒక్కటే, మిగతా రెండిటికీ రెండేసి. నడిమిదానికి అంటుకున్న ఈ లవంగం గంధకం. అన్నిటికన్నా పొడవైన వరస పట్టుకుని లెక్కపెట్టాలి. అదీ నియమం. పొట్టి కొమ్మ నుంచి ఇటు... ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగైతే బ్యూటేన్."

ఒటీలియె వంగి చూసింది. "పొట్టి కొమ్మ నుంచి ఎందుకు? ఈ పొడుగు కొమ్మ చివర్నించి ఆ పొడుగు కొమ్మ చివరికి వెళ్తే అయిదున్నాయిగా?"

లుడొల్ఫ్ లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. అయిదే! తప్పు పేరు పట్టుకుని పదార్థాల సూచికలన్నీ వెతికి, ఎక్కడా లేదు కాబట్టి ఇది కొత్తదని ఎగిరాడన్నమాట. అయిదు లెక్కన ఇది ఎవరిదో, ఎప్పటిదో!

ఎవరిదో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ప్రొఫెసర్‌గారు కళ్ళజోడు ఎత్తి ద్రాక్షల వంక చూసి, ఉన్నపళంగా లేచారు. "ఏమయ్యా లుడొల్ఫ్, ఎవరి సొత్తుకు ఎవరి పేరు పెడుతున్నావ్? ఇది నాది! పన్నెండేళ్ళ కిందట నేను చేసింది! ఇదే హెడ్విగి..."

అక్కడ ఆయన నోరు మూసుకున్నారు. కానీ ఆలస్యమైపోయింది.

"ఇదేనా నా హెడ్విగిన్!" ప్రొఫెసరమ్మ కళ్ళు మెరిశాయి. "తెచ్చావా నాయనా?"

ఒటీలియె చూడాలని ముచ్చటపడితే, మూతి కరిగించి మూసిన చిన్న గాజు గొట్టంలో కాస్త తెచ్చాడు పాపం. చూపించి జేబులో పెట్టుకుందామనుకున్నాడు. అతని చెయ్యి జేబు దాకా వెళ్ళడమే తడవుగా ప్రొఫెసరమ్మ లాక్కుంది.

"వద్దండీ!" అని లుడొల్ఫ్, "వద్దే!" అని ప్రొఫెసర్ ఒక్కసారే అరిచారు. ఆవిడ ఆ మూతిని చేతిరుమాలు మీద టపీమని విరిచింది.

తరవాత జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. మరుక్షణం అందరూ వీధిలో ఉన్నారు. ఎదురింటివాళ్ళు కూడా వీధిలో ఉన్నారు. చర్చికి వెళ్తున్న ఒక ముసలాయన వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఒటీలియె ముక్కు గట్టిగా పట్టుకునే అడిగింది. "అంటే, దీనికి నా పేరు పెట్టకూడదనేనా ఇంత అవస్థ పడ్డావు?"

"మరేం చెయ్యను? నిన్ను తలుచుకున్నవాళ్ళంతా ముక్కు మూసుకుంటారనుకుంటే నిద్ర పట్టలేదు."

ఆమె పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అది వాసనకో మరి దేనికో అతనికి తెలియలేదు. "వచ్చే నెలలోనే పెట్టించమ్మా పెళ్ళి" అంది తల్లితో. ఫ్రౌ క్నాప్ కొంగు లాంటిదేదీ లేక తలగుడ్డతోనే మూతి కప్పుకుని, "ఎప్పుడైనా సరే, పెళ్ళి మాత్రం ఈ ఇంట్లో కాదు" అని తలూపింది.

వీధి చివర ప్రొఫెసరమ్మ ఇంకా ఆ రుమాలు పట్టుకునే ఉంది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఏమండీ, ఒక్కటి చెప్పండి. వాసన చూశాక నా పేరు పెట్టారా, నా పేరు పెట్టాక వాసన చూశారా?"

జెనీవా నియమాలలో దీనికి సమాధానం లేదు.