నగుబాటుకు నోచుకోని మంత్రి

ఈ సంవత్సరం మన ఐస్‌లాండ్‌లో చెప్పుకోదగ్గ సంఘటనలు జరగబోతున్నాయని, వాటిలో అధికభాగం తన శాఖ ద్వారానే జరుగుతాయని తీరప్రాంత సమన్వయ శాఖ మంత్రి హాఫ్లిది జనవరి మొదటి వారంలో ప్రెస్‌మీట్ పెట్టి మరీ ప్రకటించారు. విలేకరులు ముగ్గురు వచ్చారు. ఇద్దరు కాఫీ కోసం వచ్చారు. మూడో ఆయన పక్క హాల్లో జరిగే వేరే మీటింగ్‌కి వచ్చి దారితప్పినవాడు. ఇంతకీ ఏమిటా సంఘటనలు అని దారితప్పిన ఆయనే పాపం మర్యాదకి అడిగాడు. జరిగాక ప్రెస్‌నోట్ ఇస్తామని మంత్రిగారు గంభీరంగా సెలవిచ్చారు.

మంత్రిగారి మనసులో మాట ప్రెస్‌నోట్‌లో పెట్టేది కాదు. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి బాణసంచా కాల్చబోయే ముందు దేశం దేశమంతా టీవీ ముందు కూర్చుంటుంది. స్కౌప్ అనే హాస్య కార్యక్రమం వస్తుంది. ఏడాది పొడుగునా ఎవరెవరు ఏమేం వెర్రిపనులు చేశారో నటులు వేషాలు కట్టి చూపిస్తారు. ఆ గంటసేపు వీధుల్లో పిల్లి కూడా కనపడదు. స్కౌప్‌లో వెక్కిరింపు తిన్నవాడు మనిషి, తిననివాడు జనాభా లెక్క. హాఫ్లిది మంత్రయి మూడేళ్ళయింది. ఇంతవరకూ ఆయన్ని ఒక్కడు, ఒక్క ముక్క, వెక్కిరించిన పాపాన పోలేదు.

ఏటా ఆ రాత్రి అత్తారింట్లోనే. పొగబెట్టిన గొర్రె మాంసం, తెల్ల సాసులో ఆలుగడ్డలు తిని, మామగారు ఆడ్గేర్ పక్కన సోఫాలో కూర్చుంటారు. స్కౌప్ అయిపోగానే ఆ పెద్దాయన అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, పరీక్ష తప్పిన కుర్రాడితో అన్నట్టు, "పోన్లే, వచ్చే ఏడు చూద్దాం" అంటాడు. జీవితమంతా చేపల పడవ నడిపిన ఆ చెయ్యి బరువుకన్నా ఆ జాలి బరువు మంత్రిగారిని ఎక్కువ కుంగదీసేది. ఇక గోరుచుట్టు మీద రోకటిపోటులా, వచ్చే జనవరిలో ఓ మంత్రిని తగ్గిస్తామని ప్రధాని చెప్పేశారు. జనం గుర్తుపట్టని వాళ్ళని తీసేస్తే గొడవుండదు కదా అని కూడా అన్నారట, హాఫ్లిది వైపు చూస్తూ. చూస్తూ, పేరు గుర్తురాక ఆగిపోయారట.

అందుచేత ఈసారి స్కౌప్‌లో పడి తీరాలని మంత్రిగారు దీక్ష పూనారు. భార్య స్టేనున్ అల్లిన బూడిదరంగు ఉన్ని స్వెటర్, మెడ చుట్టూ తెల్లపువ్వుల వరసతో ఉన్నది, తొడుక్కుని కార్యరంగంలోకి దిగారు.

ఫిబ్రవరిలో తూర్పు తీరంలో ఓ రేవు ఊళ్ళో కొత్త రౌండ్‌అబౌట్ ప్రారంభోత్సవం. మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి, కారెక్కి, దాని చుట్టూ ఎదురుదిశలో ప్రదక్షిణం చేశారు. ఇంకెవరైనా అయితే దేశం పగలబడి నవ్వేది. సరిగ్గా అప్పుడే మంచుతుఫాను కమ్మింది. రోడ్డు కనపడక నానా అవస్థా పడుతున్న జనం, మంత్రికి తెలియకుండా ఉంటుందా అని ఆయన కారు వెనకే బారులు తీరి క్షేమంగా ఇళ్ళకు చేరారు. 'దారి చూపిన నాయకుడు' అని లోకల్ పేపరు రాసింది. ఫోటోలో మంత్రిగారి ముఖం మంచులో కలిసిపోయింది గానీ స్వెటర్ బ్రహ్మాండంగా పడింది.

అదే నెలలో మత్స్యశాఖ మంత్రి సోల్వేగ్ లైవ్ టీవీలో ఓ కాడ్ చేపకి ముద్దు పెట్టబోతే అది ఆవిడ పెదవి కొరికింది. ప్లానింగ్ లేదు, కమిటీ లేదు, ఒక్క చేప. స్కౌప్‌లో ఆవిడ చోటు ఫిబ్రవరిలోనే ఖాయమైపోయింది. దేనికైనా పెట్టి పుట్టాలి అనుకుని హాఫ్లిది ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ముట్టకపోయినా ఎవరూ గమనించలేదు.

మార్చిలో పార్లమెంటులో నిరుడు ప్రవేశపెట్టిన బిల్లుకు నిరుడు చేసిన ప్రసంగాన్నే మొదట్నుంచి చివరిదాకా చదివేశారు. ప్రతిపక్ష నాయకుడు లేచి తన నిరుటి జవాబు చదివాడు. బిల్లు మళ్ళీ పాసయింది.

జూన్ పదిహేడు, జాతీయ దినోత్సవం నాడు మంత్రిగారు ఇక తెగించారు. రేవులో కెమెరాల ఎదుట, ఉపన్యాసం మధ్యలో, 'సముద్రమే మన తల్లి' అన్న చోట వెనక్కి నడిచి నీళ్ళలో పడ్డారు. పడ్డ నిమిషంలోనే దక్షిణాన అగ్నిపర్వతం బద్దలైంది. కెమెరాలన్నీ కార్లెక్కి అటు పరుగెత్తాయి. మంత్రిగారు తన అంతట తానే పాత టైరు పట్టుకుని గట్టెక్కారు. అసిస్టెంట్ ఆస్కెల్ ఒక్కడే మిగిలాడు. వాడూ ఫోన్లో లావా చూస్తున్నాడు. స్వెటర్ మటుకు తడిసి ముద్దయినా వెచ్చగానే ఉంది. అదొక్కటే తనని ఆదుకుందని మంత్రిగారికి ఆ క్షణాన నిజంగానే ఏడుపొచ్చింది.

సెప్టెంబరులో కొండల మీంచి గొర్రెల్ని దింపి, చెవిగాటు చూసి ఎవరి దొడ్లోకి వాళ్ళ గొర్రెల్ని తోలే పండగ. ఊరి పరువంతా ఆ చెవిగాట్లలోనే ఉంటుంది. అందులో తప్పు చేసినవాణ్ణి మనవళ్ళ కాలం దాకా చెప్పుకుని నవ్వుతారు. మంత్రిగారు ఆశగా ఓ పొట్టేలు కొమ్ములు పట్టుకుని, కావాలనే, దాని సొంతదారులు కాని వాళ్ళ దొడ్లోకి బరబరా ఈడ్చారు. జనం మూగారు. ఓ ముసలమ్మ వచ్చి పొట్టేలు చెవి తడిమి చూసింది.

"నిజమే నాయనా, ఇది వాళ్ళదే. మా ఆయన మూడేళ్ళ క్రితం గాటు తప్పు పెట్టాడు. అప్పట్నుంచీ రెండిళ్ళకీ మాటల్లేవు. మంత్రివి కాబట్టి కనిపెట్టావు" అని, స్వెటర్ అంచు పట్టుకుని, "ఎవరు అల్లారిది? చెయ్యి తిరిగిన మనిషే" అంది.

రెండిళ్ళ వాళ్ళూ కౌగిలించుకున్నారు. మంత్రిగారికి కాఫీ ఇచ్చారు. పైకి చిరునవ్వు, లోపల చితి.

నవంబరు వచ్చింది. ఇక సిగ్గు విడిచారు. స్కౌప్ రాసేవాళ్ళలో ఇదున్ అనే ఆవిడ రోజూ పొద్దున్నే పశ్చిమ వీధి ఈతకొలను దగ్గర వేడినీళ్ళ తొట్టిలో కూర్చుంటుందని ఆస్కెల్ కూపీ లాగాడు. మంత్రిగారు వెళ్ళి ఆ తొట్టిలో ఆవిడ వచ్చేదాకా నానారు. ఆవిడొచ్చి, నువ్వేం చేస్తుంటావని కుశలం అడిగింది.

"మంత్రిని."

"అలాగా, మా బావ కూడా" అంది ఇదున్.

ఇక లాభం లేదని హాఫ్లిది ఉన్నదంతా చెప్పేశాడు. రౌండ్‌అబౌట్, రేవు, పొట్టేలు. చివరికి చేతులు జోడించాడు. "ఒక్కసారి వెక్కిరించు. చిన్నదైనా పర్లేదు. మా మామగారు చూస్తారు."

ఇదున్ మంచి మనిషి. కాసేపు ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "నాకూ చెయ్యాలనే ఉంది, హాఫ్లిదీ. కానీ వెక్కిరించాలంటే పట్టుకోడానికి ఓ కొస కావాలి కదా. నీ ముఖం ఇప్పుడే చూశాను, తల తిప్పితే మర్చిపోతున్నాను. నీ తప్పు కాదులే."

బట్టలు మార్చుకుని బయటికొచ్చాక గుమ్మం దగ్గర మళ్ళీ ఎదురైంది. ఆయన్ని గుర్తుపట్టక దాటిపోబోయి, చటుక్కున ఆగింది.

"ఈ స్వెటర్ నేను పేపర్లో చూశానే!" అంది.

డిసెంబరు ముప్పై ఒకటి. పేటలో భోగిమంటంత మంట వేసి, దాని చుట్టూ పాటలు పాడి, అందరూ ఆడ్గేర్ ఇంటికి చేరారు. స్కౌప్ మొదలైంది. సోల్వేగ్ వేషం కట్టిన నటి చేపని పెళ్ళాడింది. ఇల్లు ఘొల్లుమంది. తర్వాత మంత్రివర్గ సమావేశం. ప్రధాని నుంచి కింది దాకా అందరి వేషాలూ అచ్చుగుద్దినట్టున్నాయి. చివరి కుర్చీలో మాత్రం మనిషి లేడు. కుర్చీ వీపుకి తగిలించిన బూడిదరంగు స్వెటర్, మెడ చుట్టూ తెల్లపువ్వులు.

"స్వెటర్ అభిప్రాయం ఏమిటి?" అని అడిగాడు వేషం ప్రధాని. నిశ్శబ్దం. "అయితే ఏకగ్రీవం" అన్నాడు.

ఆపైన ఆ స్వెటర్ ఒంటరిగా రౌండ్‌అబౌట్ చుట్టూ తిరిగింది, సముద్రంలో పడింది, పొట్టేలుని ఈడ్చింది. ఆడ్గేర్ నవ్వి నవ్వి సోఫాలోంచి జారి కింద కూలబడ్డాడు.

"స్టేనున్, అది నీ అల్లికే కదటే?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. ఇంటిల్లిపాదీ స్టేనున్‌కి చప్పట్లు కొట్టారు.

"నేనే! అది నేనే!" అని హాఫ్లిది లేచి నిలబడ్డాడు. ముసలాయన అల్లుణ్ణి మొదటిసారి గుండెకి హత్తుకున్నాడు. "సాధించావురా అబ్బాయ్" అన్నాడు. వీధిలో బాణసంచా పేలుతుంటే మంత్రిగారు మెట్ల మీద నిలబడి పసివాడిలా ఏడ్చారు. అంత సంతోషం ఆయన పెళ్ళినాడు కూడా ఎరగరు.

జనవరిలో మంత్రివర్గాన్ని మార్చారు. సోల్వేగ్ పదవి పోయింది. హాఫ్లిది పదవి చెక్కుచెదరలేదు. "నిన్ను తీస్తే జనం నన్ను ఉంచుతారా?" అని ప్రధాని స్వయంగా అన్నారు, ఈసారి పేరు పెట్టి. ఊరూరి నుంచీ ఆహ్వానాలు వెల్లువెత్తాయి. మొదట్లో స్వెటర్ వేసుకుని రమ్మన్నారు. నెలాఖరుకి, మంత్రిగారికి తీరిక లేకపోతే స్వెటర్ పంపినా చాలన్నారు. పరిపాలనలో ఇంత పొదుపు మనం ముందెన్నడూ చూడలేదు.

కొత్త మంత్రివర్గం గ్రూప్ ఫోటో నాడు మంత్రిగారు అందరికన్నా ముందే వచ్చి, స్వెటర్ తొడుక్కుని, చివరి కుర్చీలో మోకాళ్ళు దగ్గరపెట్టుకుని కూర్చున్నారు. ఫోటోగ్రాఫర్ కెమెరాలోంచి చూశాడు. మళ్ళీ చూశాడు. ఏదో వెలితిగా ఉందన్నాడు. ప్రధాని వైపు చూస్తే ఆయన మొహమాటంగా తల ఊపారు.

"హాఫ్లిదీ, ఏమనుకోకు. అది విప్పి కుర్చీకి తగిలించి, నువ్వు కాస్త ఇటు రా."

హాఫ్లిది విప్పి, ముడతలు సరిచేసి, పువ్వులు ముందుకి కనపడేలా తగిలించి, చొక్కాతో చలికి వణుకుతూ వచ్చి కెమెరా పక్కన నిలబడ్డాడు. స్వెటర్ భుజాలు కాస్త ఎడమకి వాలాయని ఆయనే చెప్పి సర్దించాడు.

మర్నాడు పేపర్లో ఫోటో పెద్దగా పడింది. కింద వరసలో ఆయన పేరు ఎక్కడా తప్పు లేకుండా అచ్చయింది. మంత్రులందరూ హాజరయ్యారని రాశారు. ఆడ్గేర్ ఆ ఫోటో కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించుకున్నాడు. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఆ చివరి కుర్చీ మీద వేలుపెట్టి, "మా అల్లుడు" అని చూపిస్తున్నాడు.